బరంపురం జామ్ రూమ్: బ్యాండు లేనివాళ్లే ముందు వెళ్లాల్సిన చోటు

ఒడిశాలోని బరంపురంలో గిటారు పట్టిన కుర్రాళ్లకి కొదవ లేదు. పాడేవాళ్లకి అసలే లేదు. చర్చి క్వయర్లలో, పెళ్లిళ్ల మెలొడీ పార్టీల్లో (ఆర్కెస్ట్రాల్లో), మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టుల్లో ఎక్కడ చూసినా కనిపిస్తారు. లేనిదల్లా వీళ్లు ఒకరికొకరు ఎదురుపడే చోటు. ఆ లోటు తీరుస్తున్నది పాత బస్టాండు దగ్గర సందులో, మేడ మీద, గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్, అంటే బ్యాండ్లు కలిసి వాయించుకునే గది. బోర్డు మీద ఒడియాలో ‘మ్యూజిక్ ప్రాక్టీస్’ అని ఉంటుంది, అంతకుమించి పేరేమీ లేదు. సామాను మధ్యరకం. ఆదివారం పొద్దున నడిపే ఉమ్మడి జామ్ మాత్రం మొదటిరకం. ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

కౌంటరు మీద పొడుగాటి లెడ్జరు ఒకటి ఉంటుంది. బ్యాండు లేనివాళ్లు, బ్యాండు ఉండి ఒక మనిషి తక్కువైనవాళ్లు అందులో ఒక వరుస రాయాలి. ఏ వాద్యం, అది సొంతంగా ఉందా, వారంలో ఏ రోజులు ఖాళీ, రాత్రి ఎన్నింటిదాకా ఉండగలరు, ఎక్కడి నుంచి వస్తారు, ఏ భాషల్లో పాడతారు, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించగల మూడు పాటలేవి. ఆ చివరి గడి పెట్టినవాళ్లకి పని తెలుసు. ‘ఏ రకం సంగీతం ఇష్టం’ అని అడిగితే అందరూ పెద్ద పెద్ద పేర్లే రాస్తారు. మూడు పాటలు చెప్పమంటే చేతిలో ఎంతుందో తేలిపోతుంది. రాత్రి టైము గడి కూడా అంతే ముఖ్యం. ఇచ్ఛాపురం నుంచో ఛత్రపురం నుంచో రైల్లో వచ్చే మనిషి తొమ్మిదింటికే లేవాలంటే, తొమ్మిదింటికి షాపు మూసి వచ్చే మనిషితో అతనికి బ్యాండు కుదరదు. ఇద్దరూ ఎంత బాగా వాయించినా కుదరదు.

ఇలాంటి చీటీల మీద మొదలైన బ్యాండ్లు ప్రపంచంలో ఉన్నాయి. 1976లో డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ స్కూలు నోటీసు బోర్డు మీద లారీ ముల్లెన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు పెట్టిన కాగితం నుంచే యూటూ వచ్చింది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో లార్స్ ఉల్రిక్ వేసిన పత్రికా ప్రకటనకి జేమ్స్ హెట్‌ఫీల్డ్ జవాబివ్వడంతో మెటాలికా మొదలైంది. రెండు చోట్లా ముందుగా మనుషుల కోసం వెతికింది డ్రమ్మరే. బరంపురం లెడ్జరులో దీనికి తలకిందులు: డ్రమ్మర్లు రాయరు, తక్కినవాళ్లే వాళ్ల కోసం రాస్తారు. కారణం సులువే. ఇక్కడ లయ వాయించేవాళ్లలో ఎక్కువమంది మెలొడీ పార్టీల్లో ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) మీద తయారైనవాళ్లు. తమని డ్రమ్మర్లుగా వాళ్లు అనుకోరు. రూమ్ నడిపేవాళ్లు అది గమనించి, లెడ్జరులో ఆక్టాప్యాడ్, ఢోలు, తబలా అని రాసినవాళ్లని కూడా డ్రమ్స్ వరుసలోకే ఎక్కిస్తున్నారు. చాలా బ్యాండ్లకి డ్రమ్మరు దొరికింది ఆ వరుసలోనే.

ఆదివారం ఉమ్మడి జామ్ పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా. తలకి వంద రూపాయలు. ఐదుగురిని మాత్రమే పిలుస్తారు: ఒక డ్రమ్స్, ఒక బేస్ గిటారు, ఒక మామూలు గిటారు, ఒక కీబోర్డు, ఒక గొంతు. ఇద్దరు గిటారిస్టులు కలిసి వచ్చి ‘మేం ఫ్రెండ్సు, విడిగా రాం’ అంటే ఇద్దరినీ వచ్చే వారానికి తోసేస్తారు. మొదట కటువుగా అనిపిస్తుంది గానీ అది సరైన పనే. రెండు గిటార్లూ ఒకే చోట ఓపెన్ కార్డులు (గిటారు మెడ మొదట్లో పట్టే స్వరాల గుత్తులు) కొడుతుంటే మూడో మనిషికి చోటుండదు. తప్పదంటే ఒకరు ఐదో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకోవాలి, లేదా కింది మూడు సన్న తీగల మీదే వాయించాలి.

ముందు పావుగంట శ్రుతికి, సౌండు సర్దడానికి. తీగలన్నీ ట్యూనరు మీద ‘ఏ’ స్వరం 440 హెర్ట్జ్ లెక్కకి కట్టాలి, చెవితో ఒకరికొకరు చూసుకుని కట్టడానికి ఒప్పుకోరు. తర్వాత డ్రమ్మరు తన మామూలు బలంతో వాయిస్తాడు. మైకు లేని డ్రమ్స్ శబ్దాన్ని నాబు తిప్పి తగ్గించలేం కాబట్టి, గదిలో అందరికీ కొలత అదే. కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో) సమానంగా వినబడేదాకా బేస్ పెంచుతారు. ఆపైన గిటారు, కీబోర్డు. గొంతు చివర్న. పాడే మనిషి అరవకుండా పదాలు వినబడాలి. వినబడకపోతే గొంతు పెంచరు, తక్కినవన్నీ దించుతారు. గొంతు పెంచితే మైకు కూస్తుంది.

అసలు విశేషం ఆ తర్వాతే ఉంది. పాట వాయించనివ్వరు. మెట్రోనోము (టిక్ టిక్ అంటూ వేగం చూపే పరికరం) నిమిషానికి 90 బీట్ల మీద పెట్టి, ‘ఈ’, ‘ఏ’ అనే రెండే కార్డులు, ఒక్కోటి నాలుగు కొలతలు (బార్లు), పది నిమిషాలు ఆగకుండా వాయించమంటారు. రెండో నిమిషంలో మెట్రోనోము ఆపేస్తారు. గదిలో మూల పెట్టిన ఫోను రికార్డు చేస్తూ ఉంటుంది. పది నిమిషాలయ్యాక మళ్లీ మెట్రోనోము వేసి ఆ రికార్డుతో పోలుస్తారు. 90 మీద మొదలైంది 98కి పోయిందా, 86కి జారిందా, ఎవరు ముందు పరిగెత్తారు, ఎవరు వాళ్ల వెంట పోయారు అన్నీ తెలుస్తాయి. పాటతో మొదలుపెడితే ఇవేవీ బయటపడవు. ఒక్కొక్కరూ ఒక్కో రికార్డింగు విని నేర్చుకుని ఉంటారు, స్కేలు వేరు, మలుపులు వేరు, గంట కాస్తా ‘ఇక్కడ రెండుసార్లా, నాలుగుసార్లా’ అన్న వాదంలోనే పోతుంది. రెండు కార్డుల దగ్గర వాదించడానికి ఏమీ ఉండదు, పక్కవాణ్ని వినడం ఒక్కటే మిగులుతుంది. ఎదుటివాడు మెల్లగా వాయిస్తే తనూ తగ్గే మనిషి ఎవరో ఆ పది నిమిషాల్లో దొరుకుతాడు. బ్యాండుకి కావలసింది ఆ మనిషే.

తర్వాత మళ్లీ అదే పది నిమిషాలు. చివరి నలభై నిమిషాల్లోనే పాట.

ఆక్టాప్యాడ్ నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఎక్కడ ఇబ్బందో రూమ్‌వాళ్లకి బాగా తెలుసు. ప్యాడ్ మీద కిక్ కూడా చేత్తోనే కొడతారు, కాలికి పని అలవాటు ఉండదు. కిట్ మీద కూర్చోగానే చేతులు బ్రహ్మాండంగా ఆడతాయి, కుడి కాలు అర మాత్ర ఆలస్యంగా పడుతుంది. ఎడమ కాలు హై-హ్యాట్ (జతగా మూసుకునే తాళాలు) పెడల్‌ని వదిలేస్తుంది, అది తెరుచుకుని గది నిండా జల్లుమంటుంది. వాళ్లకి జామ్‌కి ముందు వారం రెండుసార్లు అరగంట చొప్పున కిట్ విడిగా ఇస్తారు. నిమిషానికి 60 మీద, నాలుగు బీట్లలో కిక్ ఒకటి, మూడు మీద, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) రెండు, నాలుగు మీద, హై-హ్యాట్ ఎనిమిది దెబ్బలు. అది కుదిరేదాకా వేగం పెంచరు. ఇంకో సంగతి బలం. ప్యాడ్‌లో ఎంత గట్టిగా కొట్టినా సౌండు నాబు దగ్గర ఆగుతుంది, తోలు మీద ఆగదు. గంజాం ఢోలు నుంచి వచ్చినవాళ్లకి బలం, లయ రెండూ పుష్కలం. అయితే ఆరు మాత్రల నడక చేతిలో అంత గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగు మాత్రల రాక్ బీటు కూడా కొంచెం ఊగుతుంది. ఆ ఊపుని పూర్తిగా చంపొద్దని చెప్పడం ఈ రూమ్‌వాళ్ల మంచి చెవికి గుర్తు. ఊరి బ్యాండుకి ఊరి నడక ఉండటం మంచిదే.

కీబోర్డువాళ్ల తగవు వేరు. మెలొడీ పార్టీలో గాయకుడి గొంతుని బట్టి ట్రాన్స్‌పోజ్ మీట రెండు మెట్లు పైకి నొక్కి, వేళ్లు మాత్రం సి మీదే ఉంచుతారు. బేస్ మనిషి ‘ఏ స్కేలు?’ అంటే ‘సి’ అంటారు. వినబడేది డి. బేస్ సి కొడుతుంది, గది అంతా గజిబిజి, తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు. కాపో పెట్టిన గిటారుతోనూ ఇదే చిక్కు. ఈ గదిలో తెల్లబోర్డు మీద చెవికి వినబడే స్కేలు ఒక్కటే రాస్తారు, వేళ్లు ఎక్కడున్నాయో ఎవరి గొడవ వాళ్లదే. రెండోది ఎడమ చెయ్యి. పార్టీల్లో బేస్ గిటారు తరచూ ఉండదు, ఆ పని కీబోర్డు ఎడమ చెయ్యి చేస్తుంది. ఇక్కడ బేస్ ఉన్నా ఆ చెయ్యి ఊరుకోదు. కింద రెండు స్వరాలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకోమని చెబుతారు, నిజంగానే.

బేస్ వాయించేవాళ్లు దొరకడమే కష్టం. రూమ్‌లో అద్దె బేస్ ఒకటి ఉంది, దాన్ని రిథమ్ గిటారువాళ్ల చేతిలో పెడతారు. నాలుగు తీగలు ఈ, ఏ, డి, జి. గిటారు పై నాలుగు లావు తీగల వరుసే, ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. అందుకని చోట్లు కొత్తగా నేర్చుకునే పని లేదు. కొత్తగా నేర్చుకోవలసింది తీగని ఆపడం. స్వరం కొట్టాక ఎంతసేపు ఉంచాలో, వాడని తీగల్ని ఎడమ చేతి వేళ్లతో ఎలా మూయాలో తెలియకపోతే తక్కిన తీగలు కూడా తమంతట తామే మోగుతుంటాయి.

పాడేవాళ్ల దగ్గర చూపిన ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి. ఈ వైపు తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగింది. అందుకని తెలుగు పాటని ఒడియా లిపిలో రాసుకుని పాడతారు. ఒడియాలో ఎ, ఏలకి ఒకటే అక్షరం, ఒ, ఓలకీ అంతే. ‘కొడి’, ‘కోడి’ రెండూ ఒకేలా రాస్తారు. పైగా తలకట్టు అచ్చుని ఒడియా నోరు ‘ఒ’ వైపు లాగుతుంది, ‘మన’ కాస్తా ‘మొనొ’ అవుతుంది. రాక్ పాటలో అక్షరం బీటు మీద పడాలి. పొట్టి అచ్చు సాగితే తర్వాతి మాట మొత్తం ఆలస్యం. రూమ్‌లో ఇచ్చే పాట కాగితాల్లో సాగే అచ్చుల కింద ఎర్రగీత పెట్టి, కొలత మారే చోట నిలువు గీత గీసి ఇస్తారు. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని ఆ కాగితం చూస్తే గానీ తెలియదు. ఒడియా పాడే కుర్రాడు తెలుగు చరణం ఎత్తుకున్నప్పుడు, తెలుగు ఇంటి పిల్ల ఒడియా పల్లవి పాడినప్పుడు ఇద్దరికీ అదే ఆసరా.

ఇక గది సంగతి. పొడవు 14 అడుగులు, వెడల్పు 12. గోడలకి రాతి ఊలు (రాక్‌వూల్) పలకల మీద గుడ్డ కప్పారు. అది మంచి పని. ఊళ్లో చాలాచోట్ల అంటించే గుడ్ల అట్టలు శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు, పైస్థాయి గలగలని కాస్త తగ్గిస్తాయి, అంతే. మంద్రాన్ని ఆపాలంటే బరువు కావాలి, మందం కావాలి. 100 హెర్ట్జ్ అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, అంగుళం స్పాంజి దాన్ని ఏమీ చేయలేదు. ఇక్కడ కూడా మూలలు ఖాళీగా వదిలేశారు, ఫలితం బేస్ దగ్గర తెలుస్తుంది. 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. బేస్ గిటారు లావు తీగ ‘ఈ’ 41 హెర్ట్జ్. సరిగ్గా ఆ స్వరమే గోడల దగ్గర గుమ్ముమంటుంది, గది నడిమధ్యన వినబడకుండా పోతుంది. బేస్ మనిషి మధ్యలో నిలబడి ‘నాకు వినబడట్లేదు’ అని పెంచుతాడు, గోడకి ఆనుకుని కూర్చున్న డ్రమ్మరు చెవులు మూసుకుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. బేస్ మనిషి రెండడుగులు గోడవైపు జరిగితే గొడవ సద్దుమణుగుతుంది. మూలల్లో మందపాటి రాతి ఊలు నిలువుగా పెడితే ఇంకా మెరుగు. యజమాని ఆ ఖర్చు పెట్టాలి.

సామానులో డ్రమ్ కిట్ ఐదు ముక్కలది: 22 అంగుళాల కిక్, 14 స్నేర్, రెండు టామ్‌లు, 16 ఫ్లోర్ టామ్. తాళాల్లో హై-హ్యాట్, ఒక క్రాష్, ఒక రైడ్. స్నేర్ పైతోలు మధ్యలో పల్లం పడింది. ఎంత బిగించినా పట్‌మని పలకదు. కొత్త తోలు వేయాల్సిందే. గిటారు ఆంప్‌లు (సౌండు పెంచే పెట్టెలు) రెండూ బాగున్నాయి, ఆ గదికి 40 వాట్లు ఎక్కువే. బేస్ ఆంప్ 60 వాట్లది, అది చాలదు. మంద్ర స్వరం వినబడటానికి గిటారుకన్నా ఎన్నో రెట్లు శక్తి కావాలి. డ్రమ్స్ పక్కన నిలబడాలంటే 150 వాట్లైనా ఉండాలి. సగం దాటి పెంచితే సౌండు చీలుతుంది, స్పీకరు కాగితం కూడా పాడవుతుంది. ప్రస్తుతానికి డీఐ పెట్టె ద్వారా మిక్సరుకి కలిపి పెద్ద స్పీకర్లలోంచి కొంత ఇమ్మని అడగండి, ఇస్తారు.

మైకులు కార్డియాయిడ్ రకం, ఎదురుగా వింటాయి, వెనక వినవు. స్పీకరు మైకు వెనకవైపు ఉండాలి. మెలొడీ స్టేజీ అలవాటుతో జాలీ బుట్టని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఆ గుణం పోతుంది, వెంటనే కూత మొదలవుతుంది. ఎకో నాబు కూడా రూమ్‌వాళ్లు సున్నా మీదే ఉంచుతారు. గాయకులు అలుగుతారు గానీ చిన్న గదిలో ఎకో తిరిగొచ్చి డ్రమ్స్ మీద పడితే తాళం ఎక్కడుందో తెలియదు.

పెద్ద ఫిర్యాదు కరెంటు దగ్గర. ఆంప్‌లు ఒక గోడ ప్లగ్గులో, మిక్సరు ఎదుటి గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండు ఎర్తుల మధ్య తేడా వల్ల 50 హెర్ట్జ్ గుంయ్ ఎప్పుడూ వెనక ఉంటుంది. అన్నిటినీ ఒకే బోర్డు నుంచి తీస్తే, లేదా డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే పోతుంది. ప్లగ్గు మూడో పిన్ను తీసేస్తే కూడా పోతుంది, అది మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. ఆంప్‌లో లోపం వచ్చినరోజు వేళ్లు తీగల మీద, పెదవి మైకు మీద ఉంటే షాక్ కొట్టేది మనిషికే. అలా ఎర్తు పిన్ను లేని పొడిగింపు బోర్డు ఒకటి ఆ గదిలోనే ఉంది, దాన్ని పారేయమని చెప్పాలి. సింగిల్ కాయిల్ (తీగల కింద ఒకే చుట్ట పికప్ ఉన్న) గిటారువాళ్లకి ఇంకో బర్రుమనే సౌండు వస్తుంది. గదిలో ఫ్యానుకున్న ఎలక్ట్రానిక్ తిప్పుడు రెగ్యులేటరు వల్ల అది. ఫ్యాను ఫుల్ మీద పెట్టండి, తగ్గుతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి వెళ్తే అందరికీ బర్రుమంటుంది, ఆ టైముని అద్దెలో తగ్గిస్తారు.

చెవుల సంగతి ఎవరూ చెప్పరు. గదిలో డ్రమ్స్ దగ్గర 100 డెసిబెల్స్ సులువుగా వస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్కన ఆ స్థాయిలో రోజుకి 15 నిమిషాలే క్షేమం. రూమ్‌లో చెవి బిరడాలు అమ్మరు, మందుల షాపులో కొని తీసుకెళ్లండి. రాత్రి తొమ్మిదిన్నరకి మూసేస్తారు, చుట్టూ ఇళ్లు కాబట్టి అది న్యాయమే. శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది తర్వాత పరిమితి 45 డెసిబెల్స్.

లెడ్జరులో ఒక గడి తక్కువైంది: ఏ సంవత్సరం చదువుతున్నారు. ఇక్కడ బ్యాండ్లు విడిపోయేది ఎక్కువగా తగువులతో కాదు, మే, జూన్ నెలలతో. చివరి సంవత్సరం కుర్రాళ్లు ఉద్యోగాలకని భువనేశ్వరో, హైదరాబాదో, బెంగళూరో వెళ్లిపోతారు. నలుగురిలో ముగ్గురు ఒకే ఏడాదివాళ్లైతే ఆ బ్యాండు ఆయుష్షు ఎంతో ముందే తెలుస్తుంది. జామ్‌కి పిలిచే ఐదుగురిలో కనీసం ఇద్దరు ఊరు కదలనివాళ్లు, అంటే షాపువాళ్లో, టీచర్లో, చర్చి కీబోర్డువాళ్లో ఉండేలా చూడాలి. నాలుగు ఆదివారాలు కలిసి వాయించాకే పేరు పెట్టుకోండని రూమ్‌వాళ్లు చెప్పే మాట బాగుంది. దాంతోపాటు అద్దె ఎవరెంత, తీగలు తెగితే ఎవరు కొంటారు, కలిసి కొన్న సామాను ఎవరింట్లో ఉంటుంది అన్నది ఒక కాగితం మీద రాయిస్తే ఇంకా బాగుండేది.

మామూలు రోజుల్లో అద్దె గంటకి 350. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా రెండు మూడు రోజుల ముందే చెప్పాలి, మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాయి. రికార్డింగు కోసం ఈ గదికి వెళ్లకండి, ఆ గుంయ్ పోయేదాకా. సొంత కేబుల్ తీసుకెళ్లండి, అక్కడివి సగం కదిలిస్తే గరగరమంటాయి. 5ఏ సైజు డ్రమ్ కర్రలు ఒక జత, పెడల్స్‌కి 9 వోల్టుల బ్యాటరీ, పొడి గుడ్డ. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ తుడవాల్సిందే. మెట్లు ఇరుకు, మలుపు ఒకటి ఉంది. 88 మీటల కీబోర్డు ఆ మలుపు తిరగదు, 61 మీటలదే తీసుకెళ్లండి.